దర్బారు కుంచెకు చిక్కిన ఫకీరు

గురువారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి చుట్టుపక్కల ఒకే ముఖం అడుగడుగునా ఎదురవుతుంది. పూలకొట్టు గోడ మీద, ఆటో అద్దం మీద, కీచైన్లలో, జేబులో పెట్టుకునే లామినేషన్ కార్డుల మీద. తలకు చుట్టిన గుడ్డ, ఒంటి మీద పొడుగాటి కఫ్నీ, కాలు మీద కాలు. అది ఎవరి ముఖమో ఎవరినీ అడగక్కర్లేదు. 1918లో సమాధి అయిన షిర్డీ ఫకీరుకు ఫొటోలున్నాయి. ఆయన్ని కళ్లారా చూసి బొమ్మ వేసిన శ్యామ్‌రావ్ జయకర్ లాంటి చిత్రకారులున్నారు. 1954లో షిర్డీ సమాధి మందిరంలో నిలిపిన, శిల్పి తాలీం చెక్కిన పాలరాతి విగ్రహం ఉంది. తర్వాత ఊరూరా వెలిసిన సాయి మందిరాల్లోని విగ్రహాలు చాలావరకు దాని పోలికలోనివే.

మూడు నాలుగు వందల ఏళ్ల కిందట ఇరాన్ పద్ధతి నేర్చిన ఆస్థాన చిత్రకారులు గీసిన సాధువుల సంగతి అలా కాదు. అరచేతి కంటే కాస్త పెద్దదైన కాగితం. చెట్టు కింద ముసలి సూఫీ. ఆయన ఎదుట మోకాళ్ల మీద కూర్చున్న రాకుమారుడు. చుట్టూ బంగారు చుక్కలు చల్లిన అంచు. రాకుమారుడు ఎవరో తలపాగాను బట్టి, నగలను బట్టి పండితులు పట్టేస్తారు. ముసలాయన ఎవరో చాలాసార్లు తేలదు. అక్కడే తగువు మొదలవుతుంది. ఈ బొమ్మలు వేయించిన రాజులు సాధువులను గౌరవించారా, తమ పరువు పెంచుకోవడానికి వాడుకున్నారా? రెండు పక్షాల దగ్గరా సరుకుంది. హైదరాబాదులో ఉండేవాళ్లకు ఇది పరాయి ఊరి పంచాయితీ కూడా కాదు.

ఎందుకంటే ఆ చిత్రకళ నడిచొచ్చిన దారుల్లో ఒకటి మన ఎల్బీనగర్ మీదుగానే పోతుంది. చౌరస్తా నుంచి విజయవాడ హైవే పట్టుకుని కొంత దూరం వెళ్తే హయాత్‌నగర్. గోల్కొండ ఏడో సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరది. అక్కడి మసీదు చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదుల వరుస ఉంది. గోల్కొండ రాజ్యానికి ప్రాణంలాంటి రేవు మచిలీపట్నం. ఇరాన్ రేవుల నుంచి అక్కడికి ఓడలొచ్చేవి. వర్తకులు, పండితులు, కవులు, సిపాయిలు దిగి ఈ దారిన రాజధానికి చేరేవారు. ఎదురు దిశలో వజ్రాలు, వస్త్రాలతో పాటు బొమ్మలూ వెళ్లేవి. గోల్కొండలో తయారై డచ్చి పెద్దమనిషి నికోలస్ విట్సెన్ చేతికి చేరిన ఒక ఆల్బం ఇప్పటికీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. 1686 ప్రాంతపు ఆ ఆల్బంలో పాదుషాలు, రాకుమారులు, కొలువులోని పెద్దలు వరసగా 49 మంది కనిపిస్తారు. అంటే గోల్కొండ పతనానికి ముందే ఇక్కడ ముఖచిత్రం అంగడి సరుకైంది.

కుతుబ్‌షాహీలు పాలించింది 1518 నుంచి 1687 వరకు. తొలినాళ్లలో ఇక్కడి చిత్రాలు పూర్తిగా ఇరాన్ వైపే చూసేవి. హెరాత్‌లో బిహ్జాద్, ఇస్ఫహాన్‌లో రెజా అబ్బాసీ లాంటి మహామహులు దర్వేషులను గీసి ఒక మూస స్థిరపరిచారు. వంగిన నడుము, చేతికర్ర, భిక్షాపాత్ర, లోపలికి తిరిగిన చూపు. అందులో మనిషి పోలిక కంటే గీత నడకకే విలువ. 1636లో అబ్దుల్లా షాజహానుకు లొంగి ఒప్పందం రాసిచ్చాక మొఘల్ ప్రభావం పెరిగింది. మొఘల్ చిత్రకారులకు పోలిక మీద పట్టింపెక్కువ. ఇరాన్ షా అబ్బాస్ ముఖాన్ని ఉన్నదున్నట్టు గీసుకు రమ్మని జహంగీరు తన దూతల వెంట బిషన్‌దాస్ అనే చిత్రకారుణ్ణి పంపించాడు. అలా దక్కను సాధువు చిత్రానికి రెండు వైపుల నుంచి వారసత్వం వచ్చింది. ఒకటి ఇరానీ మూస, రెండోది మొఘలు పోలిక. ఏ బొమ్మలో ఏది ఎంత పాలు ఉందో తేల్చడమే కష్టం.

వాడుకున్నారనే పక్షం మాట ముందు విందాం. వాళ్లు మొదట చూపించే బొమ్మ మొఘలులదే. బిచిత్ర్ అనే చిత్రకారుడు 1615-18 ప్రాంతంలో వేశాడు. ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీయర్ గ్యాలరీలో ఉంది. ఇసుక గడియారం మీద అమర్చిన సింహాసనంలో జహంగీరు కూర్చుని ఉంటాడు. అజ్మీరు చిష్తీ దర్గాకు చెందిన షేక్ హుసేన్‌కు పుస్తకం అందిస్తుంటాడు. వాళ్ల కిందివరసలో ఒట్టోమన్ సుల్తాను, ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్, అందరి కంటే కింద చిత్రకారుడు. లోకంలోని రాజులు ఎదుట నిలిచినా నా చూపు ఫకీరు మీదే అని బొమ్మ చాటుతుంది. సరే, మరి చూసేవాడి కన్ను ముందు పడేదెక్కడ? పాదుషా తల వెనక సూర్యచంద్రులు కలిసి వెలిగే పెద్ద కాంతివలయం మీద. షేకు పొట్టిగా, పక్కగా, కిందగా ఉంటాడు. ఆయనకు దక్కింది ఒక పుస్తకం. పాదుషాకు దక్కింది తాను రాజులకే రాజునన్న పేరు, దానిపైన వినయవంతుడన్న కీర్తి.

ఈ పక్షం రెండో సాక్ష్యం ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఇరాన్ శైలిలో చేయి తిరిగిన ఫర్రుఖ్ బేగ్ మొఘలు కొలువులోనూ బిజాపూరులో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కొలువులోనూ పనిచేశాడు. 1615లో, ముసలితనంలో, అతను వేసిన వృద్ధ సూఫీ చిత్రం ఇప్పుడు దోహాలోని ఇస్లామిక్ కళల మ్యూజియంలో ఉంది. పెద్ద చెట్టు కింద తల వంచుకుని కూర్చున్న ముసలాయనను చూస్తే ఎవరో గొప్ప పీరు అనిపిస్తుంది. నిజానికి ఆ కూర్చున్న భంగిమ ఫ్లాండర్స్ చిత్రకారుడు మార్టెన్ డి వోస్ బొమ్మ ఆధారంగా అచ్చువేసిన ఒక చిత్రం నుంచి తీసుకున్నది. అసలు బొమ్మలో ఉన్నది దుఃఖానికి ప్రతీక. అంటే యూరపు దుఃఖం ఇక్కడ సూఫీ అయింది. అలాంటప్పుడు ఇది ఏ మహనీయుడి చిత్రమని దండం పెట్టాలి?

ఒకసారి గీసిన ముఖాన్ని మళ్లీ మళ్లీ దించుకునే పద్ధతి కార్ఖానాల్లో మామూలు. జింకతోలు మీద గానీ పల్చటి కాగితం మీద గానీ రూపురేఖలు ఎత్తి, గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గుపొడి అద్దితే కింది కాగితం మీద ఆకారం పడుతుంది. ఈ మూసలు తండ్రి నుంచి కొడుక్కు వచ్చేవి. ఒక పీరు గడ్డం ఇంకో పీరుకు, ఒక జోగి జడలు ఇంకో జోగికి అమరేవి. 18వ శతాబ్దానికి వచ్చేసరికి రాత్రివేళ దీపాలతో సాధువు దర్శనానికి వచ్చిన అంతఃపుర స్త్రీలు, రాజ్యం వదిలిన బల్ఖ్ సుల్తాను ఇబ్రహీం బిన్ అధంకు భోజనం తెచ్చే దేవదూతలు లాంటి ఘట్టాలు మొఘల్ ప్రాంతాల్లో తామరతంపరగా వచ్చాయి. కొనేవాడికి నచ్చిన దృశ్యం అది. అందులో సాధువు ఒక వేషం.

దక్కను వైపు చూస్తే బిజాపూరు యోగిని కనిపిస్తుంది. 17వ శతాబ్దపు తొలి ఏళ్లలో వేసిన ఈ బొమ్మ డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. చేతి మీద గోరువంకతో నిలబడ్డ ఆమె ముఖం విభూది రంగులో ఉంటుంది. ఒంటి మీద పట్టు, జరీ, ముత్యాలు. జడలు నడినెత్తిన ముడి. వెనక దూరంగా మేడలు. సన్యాసిని ఇంత సింగారించుకుంటుందా? వైరాగ్యం కూడా వైభవంలో ఒక రకమేనని దర్బారు అనుకున్నప్పుడు ఇలాంటి బొమ్మ పుడుతుంది. దాని అందానికి సాటి లేదు, అది వేరే మాట.

రాజకీయం సంగతీ ఉంది. దక్కనులో సూఫీలు రాజుల్ని నిలబెట్టారు, పడగొట్టారు. గుల్బర్గాలో స్థిరపడిన గేసూదరాజ్ బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా కోరినట్టు అతని కొడుకును దీవించలేదు. తమ్ముడు అహ్మద్ వైపు మొగ్గాడు. 1422లో గద్దె అహ్మద్‌కే దక్కింది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా గద్దెకు దగ్గరి వారసుడు కాడు, అబ్దుల్లా కూతురిని పెళ్లాడి 1672లో రాజయ్యాడు. గేసూదరాజ్ వంశీకుడైన షా రాజు ఆశ్రమంలో ఏళ్లు గడిపిన శిష్యుడిగానే జనం ఆయన్ని ఎరుగుదురు. అలాంటి రాజుకు గురువు నీడ ఎంత పెట్టుబడో చెప్పనక్కర్లేదు. పీరు ఎదుట కూర్చున్న రాజు బొమ్మ భక్తిపత్రమే కాదు, రాజ్యానికి హక్కుపత్రం కూడా అంటుంది ఈ పక్షం.

ఇక రెండో పక్షం. వీళ్లు రాజుల చిత్రాలను పక్కన పెట్టి చూడమంటారు. పాదుషా ముఖం దాదాపు ఎప్పుడూ పక్క నుంచే. తల వెనక వలయం, చేతిలో పువ్వో కత్తో, ఒంటి మీద లెక్కపెట్టగల ముత్యాలు. నిజం చెప్పే స్వేచ్ఛ చిత్రకారుడికి అక్కడ తక్కువ. బానపొట్టను దాచాలి, వయసును తగ్గించాలి. ఫకీరు దగ్గరికి వచ్చేసరికి ఆ సంకెళ్లు తెగిపోతాయి. ఎండిన డొక్కలు, మోకాలి చిప్పలు, పగిలిన మడమలు, అతుకుల బొంత మీద ఒక్కో కుట్టూ కనిపిస్తాయి. మొఘల్ చిత్రకారుడు గోవర్ధన్ గీసిన సాధువులను చూసినవాళ్లు ఆ ముఖాల్లోని అలసటను, మొండితనాన్ని, నవ్వును మరచిపోరు. ఉడుత వెంట్రుకల కుంచెతో ఒక గడ్డం తెల్లవెంట్రుకలను ఒక్కొక్కటిగా గీయడానికి ఎంత ఓపిక కావాలి! ఏ గౌరవమూ లేనివాడు అంత సేపు చూడడు.

ఈ పక్షం చేతిలో మరో మంచి సాక్ష్యం జద్రూప్ గోసాయి. ఉజ్జయిని దగ్గర ఇరుకు గుహలో ఉండే ఈ సన్యాసిని చూడటానికి జహంగీరు 1617లో చివరి దూరం కాలినడకన వెళ్లాడు. గుహ ద్వారం కొలతలు కూడా తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ తర్వాతా కలిశాడు. పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్న చిత్రంలో పాదుషా, బట్టల్లేని సన్యాసి గుహ ఎదుట నేల మీద ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. పరివారం, గుర్రాలు కింద దూరాన ఆగిపోయాయి. సింహాసనం లేదు, ఎత్తు లేదు. ముస్లిం పాదుషా ఒక హిందూ సన్యాసి ముందు అలా కూర్చున్నాడని చిత్రంలో నమోదైంది. అది ప్రచారమే అనుకున్నా, ఎలాంటి ప్రచారాన్ని ఎంచుకున్నాడన్నదీ చూడాలి కదా.

బొమ్మ నిజంగా ఉపాసనకు ఉపయోగపడిందనేందుకు షాజహాను కూతురు జహానారా సాక్షి. ఖాదిరీ గురువు ముల్లా షా మీద ఆమె పారసీలో చిన్న పుస్తకం రాసింది. తమ్ముడు దారా షికో కొలువులోని చిత్రకారుడు గీసిన గురువు చిత్రాన్ని దగ్గర ఉంచుకుని చూస్తుండేదాన్నని అందులో చెప్పుకుంది. గురువు రూపాన్ని మనసులో నిలుపుకోవడం సూఫీల సాధనలో భాగం. పరదా చాటున ఉండే రాకుమారికి గురువును చేరే దారి ఆ కాగితమే. ఆమె చేతిలో ఆ బొమ్మ చేసిన పనికీ దిల్‌సుఖ్‌నగర్‌లో గురువారం ఉపవాసం ఉండే ఇల్లాలి పూజగదిలో బాబా ఫొటో చేసే పనికీ తేడా ఎక్కువేం లేదు.

బొమ్మల బలం దర్బారు దాటి కూడా పనిచేసింది. భారతదేశం చూడని డచ్చి మహాచిత్రకారుడు రెంబ్రాంట్ 1656-61 ప్రాంతంలో మొఘల్ మినియేచర్లను చూసి చాలా నకళ్లు గీసుకున్నాడు. అందులో ఒకటి చెట్టు కింద కూర్చున్న నలుగురు పెద్దల బొమ్మ. దాని మూలం వియన్నాలోని షోన్‌బ్రున్ రాజభవనంలో ఉంది. అబ్రహాము ఇంటికి దేవదూతలు అతిథులుగా వచ్చిన బైబిలు ఘట్టాన్ని 1656లో అచ్చుచిత్రంగా వేసినప్పుడు ఈ కూర్చున్న తీరునే వాడుకున్నాడు. ఫర్రుఖ్ బేగ్ యూరపు నుంచి తెచ్చుకున్నాడు, రెంబ్రాంట్ ఇక్కడి నుంచి తీసుకున్నాడు. అరువు తెచ్చుకోవడమే అగౌరవమైతే రెంబ్రాంట్‌నూ తప్పుపట్టాలి. చూసి నేర్చుకోవడం చిత్రకారుల ధర్మమని ఈ పక్షం సమాధానం.

సాధువులు ఏమీ ఎరగని అమాయకులన్న ఊహా సరికాదు. రిచర్డ్ ఈటన్ 1978లో బిజాపూరు సూఫీల మీద రాసిన పుస్తకంలో వాళ్లందరినీ ఒక గాటన కట్టలేమని చూపించాడు. పండితులున్నారు, కవులున్నారు, రాజు ఇచ్చిన ఇనాం భూములతో బతికినవాళ్లున్నారు, కొలువును ఛీకొట్టి వీధుల్లో తిరిగిన మజ్జూబులున్నారు. ఇనాం పుచ్చుకున్న పీరు కొలువు ఆల్బంలో మంచి శాలువాతో కనిపిస్తే అది ఒప్పందం. అందులో ఒకరు మాత్రమే వాడుకున్నారనడం న్యాయం కాదు.

ఈ రెండు పక్షాలూ రాజు, చిత్రకారుడు, సాధువు అనే ముగ్గురి చుట్టే తిరుగుతాయి. నాలుగో మనిషి, అంటే సాధువు దగ్గరికి రోజూ వెళ్లే సామాన్యుడు, ఎక్కడ? ఆ చిత్రాలు అతని కంటపడనేలేదు. అవి రాజు, అతని ఇష్టులు చేతిలో పట్టుకుని చూసుకునేవి, ఆల్బంలలో దాచుకునేవి. జనం తమ మహనీయులను ముఖం లేకుండానే గుర్తుంచుకున్నారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు లేపేది లోహపు పంజాలను, ముఖాలను కాదు. 1590ల్లో కట్టిన బాద్‌షాహీ అషుర్‌ఖానా పింగాణీ పలకల మీద ఉన్నదీ అలాంటి ఆలంల ఆకారాలే. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే సైదాబాదులో ఉజాలే షా దర్గా ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లకు సమాధి, చాదరు, గులాబీలు చాలు.

మూసారాంబాగ్ సంగతి ఇంకా విచిత్రం. నిజాం సేనల్ని నడిపిన ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ 1798లో చనిపోతే మలక్‌పేట - సరూర్‌నగర్ మధ్య గుట్ట మీద సమాధి కట్టి రాతి స్తంభం నిలిపారు. అతను పీరు కాదు, బాబా కాదు, తుపాకులు పోయించిన సైనికుడు. అయినా ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. వర్ధంతి నాడు అక్కడ ధూపదీపాలు పెట్టారు. ఆ పేటకు, ఇప్పుడు మెట్రో స్టేషనుకు కూడా ఆ పేరే. ఏ ఆస్థాన చిత్రకారుడూ అతన్ని సాధువుగా గీయలేదు. జనమే చేశారు. మహిమను ఇచ్చేది దర్బారు అనుకునేవాళ్లూ, చిత్రకారుడు అనుకునేవాళ్లూ ఒకసారి ఈ గుట్ట ఎక్కి రావాలి.

ముఖం తెలియనప్పుడు కొత్తది కల్పించే అలవాటు మనకూ తక్కువ లేదు. 1980ల్లో ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టిన విగ్రహాల్లో వేమన, అన్నమయ్య, రామదాసు, పోతులూరి వీరబ్రహ్మం, తానాషా అందరూ ఉన్నారు. ఇవి శిల్పుల ఊహలు. చిన్నప్పటి నుంచి చూసిన పిల్లలకు మాత్రం వేమన అంటే ఆ ముఖమే. 2006లో వచ్చిన శ్రీరామదాసు సినిమాలో కబీరుగా అక్కినేని కనిపించారు. కబీరు 15వ శతాబ్దం వాడు, రామదాసు 17వ శతాబ్దం వాడు. ఇద్దరూ కలిసే వీలే లేదు. జనం కథ కలిపింది, తెర దానికి ముఖం తొడిగింది. ఆస్థాన చిత్రకారులు మూస ముఖాలు వాడారని వేలు చూపించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే తీర్పు ఎలా చెప్పాలి? బొమ్మ ఎంత బాగుంది, పక్కన పేరుందా లేదా అన్నవి చాలవు. నా మట్టుకు ఒకే ప్రశ్న అడిగి చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. ఆ బొమ్మలో సాధువు కోసం దర్బారు ఏం వదులుకుంది?

బిచిత్ర్ చిత్రంలో జహంగీరు ఒక పుస్తకం తప్ప ఏమీ వదులుకోలేదు. సింహాసనం, వలయం, ఎత్తు అన్నీ అతని దగ్గరే ఉన్నాయి. అక్కడ వాడుకున్నారనే పక్షమే గెలుస్తుంది. జద్రూప్ చిత్రంలో గుర్రం, పరివారం, ఆసనం మూడూ వదులుకున్నాడు. అక్కడ గౌరవించారనే పక్షం గెలుస్తుంది. ఒకే రాజు, ఒకే కాలం, రెండు తీర్పులు. బిజాపూరు యోగిని బొమ్మలో దర్బారు ఏదీ వదల్లేదు. పైగా యోగిని చేతే పేదరికాన్ని వదిలించింది. జహానారా దగ్గరున్న బొమ్మలో రాజచిహ్నం లేదు, రాకుమారే లేదు. చూసే భక్తురాలిగా బొమ్మ బయటే ఉండిపోయింది. అంతకంటే ఏం వదులుకోవాలి?

గోల్కొండ, హైదరాబాదు చిత్రాలకూ ఇదే కొలత సరిపోతుంది. సూఫీ ఎదుట కూర్చున్న ప్రభువు ఆసనం ఎత్తుగా ఉందా? చెప్పులు ఎక్కడున్నాయి? ఎవరి చేయి పైన ఉంది? చిత్రకారుడు ఎవరి ముఖం మీద ఎక్కువ సేపు పనిచేశాడు? వీటికి జవాబులు కాగితం మీదే ఉంటాయి. వాటిని చదవడానికి పారసీ రానక్కర్లేదు, నిదానంగా చూసే కళ్లుంటే చాలు. ఈ ప్రశ్నలడుగుతూ చూస్తే చిత్రాలన్నిటికీ కలిపి ఒకే తీర్పు చెప్పలేం. మొత్తం మీద తూకం వేయాల్సి వస్తే, వేయించినవాళ్ల ఉద్దేశం విషయంలో మొదటి పక్షానికే మొగ్గుతాను. ఆల్బం రాజుది, బంగారం రాజుది, కీర్తి రాజుకే రావాలన్న లెక్కా రాజుదే. గీసినవాళ్ల పని విషయంలో మాత్రం రెండో పక్షమే నిజం. ముతక బొంతనూ ముడతల చర్మాన్నీ కిరీటం కంటే శ్రద్ధగా చూసే అవకాశం వాళ్లకు ఫకీరు బొమ్మలోనే దొరికింది. దాన్ని వాళ్లు వదులుకోలేదు.

ఒక సంగతి మాత్రం రెండు పక్షాలనూ సమానంగా సిగ్గుపడేలా చేస్తుంది. బిజాపూరు చిత్రాల్లో దర్వేషు ఒక అతిథిని పలకరించే గొప్ప బొమ్మ ఒకటుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. దర్వేషు ఎవరో తెలియదు, గీసిందెవరో తెలియదు. కళాచరిత్రకారులు ఆ చిత్రకారుణ్ణి బోడ్లియన్ చిత్రకారుడనే పిలుస్తారు. దక్కను చిత్రకళ మీద 1983లో మార్క్ జెబ్రోవ్‌స్కీ రాసిన పెద్ద పుస్తకంలోనూ అతను ఆ పేరుతోనే ఉన్నాడు. సాధువు పేరు పోయింది, చిత్రకారుడి పేరు పోయింది, దాచిన భవనం పేరు మిగిలింది. నిజాం అలీఖాన్ కొలువులోని చిత్రకారుడు వెంకటాచలం పేరు మనకు మిగలడం అదృష్టం. అలా మిగలని తెలుగు చేతులు ఎన్నో.

అందుకే ఒక విన్నపం. ఎల్బీనగర్ చౌరస్తాలో పండగల ఫ్లెక్సీలు చూస్తే గురువుగారి ఫొటో మూల్లో చిన్నగా, నాయకుడి ఫొటో నడిమధ్య నిలువెత్తున ఉంటుంది. అప్పుడు ఆ పాత ప్రశ్నే అడగండి, ఇందులో ఎవరు ఏం వదులుకున్నారని. సాలార్‌జంగ్ మ్యూజియానికో, దోమల్‌గూడలోని జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియానికో వెళ్లి దక్కనీ చిత్రాలు చూసేటప్పుడూ అదే అడగండి. ఇక పుస్తకాలు రాసేవాళ్లకు, పాఠాలు చెప్పేవాళ్లకు, క్యాలెండర్లు అచ్చువేసేవాళ్లకు ఒక మాట. పేరు తెలియని ఫకీరు బొమ్మ దొరికితే దానికి మనకు ఇష్టమైన మహనీయుడి పేరు తగిలించకండి. నాలుగు వందల ఏళ్ల కిందట దర్బారు అతన్ని తన అవసరానికి వాడుకుని ఉండొచ్చు. ఆ పని మనం రెండోసారి చేయకూడదు.